మా వార్డు అజెండా మాకు చూపించండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి కాలువ పక్కనున్న ఒక మున్సిపాలిటీలో మా ఇల్లు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఫలానా ఆఫీసును, ఫలానా అధికారిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏ పట్టణంలో ఉన్నవాళ్లు చదివినా ఇది మా వీధి సంగతే అనుకుంటారని నా నమ్మకం.

మా వీధి 180 మీటర్ల పొడవు. 41 ఇళ్లు. పాత రాతి కాలువ అక్కడక్కడా పగిలిపోయినా, నీళ్లు మాత్రం పడమటి వైపు పారి బోదెలో, అంటే చిన్న పంటకాలువలో, కలిసేవి. మా అత్తగారు ఈ ఇంటికి కాపురానికి వచ్చిన నాటినుంచీ అంతేనట. 2023 వేసవిలో దాన్ని తీసేసి సిమెంటు డ్రెయిన్ కట్టారు. కడుతున్నారని అందరం సంతోషించాం. కానీ ఈసారి నీళ్లను తూర్పుకి, మెయిన్ రోడ్డు డ్రెయిన్‌లోకి మళ్లించారు.

మా వీధి చివర ఒక తాపీ మేస్త్రీ ఉంటాడు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఇళ్లు కడుతున్న మనిషి. పనివాళ్లు దారం కట్టిన రోజునే వచ్చి చూసి, "వాటం ఇటు లేదండీ. మెయిన్ రోడ్డు మీద మూడుసార్లు సిమెంటు రోడ్డేశారు. ఆ కాలువ మనకంటే ఎత్తులో ఉంది. నీళ్లు వెళ్లవు, వెనక్కి తంతాయి" అని చెప్పాడు. వాళ్లు ఇంజనీరు గారికి చెప్పమన్నారు. ఆయన మర్యాదగానే విన్నారు. "నిజమే కావచ్చండీ, కానీ ఎస్టిమేటు అయిపోయింది, కౌన్సిల్ ఆమోదం కూడా అయిపోయింది. ఇప్పుడు మార్చాలంటే మళ్లీ మొదటినుంచీ రావాలి, ఈలోగా నిధులు వెనక్కి పోతాయి" అన్నారు. ఆ సాయంత్రం మేస్త్రీ, నేను ఎత్తుపల్లాలు చూసే నీళ్ల ట్యూబు పట్టుకుని రెండు కొసలూ కొలిచాం. నీళ్లు దిగాల్సిన తూర్పు కొస పడమటి కొసకంటే 14 సెంటీమీటర్లు ఎత్తుంది.

ఆ ఏడాది జూలైలో మొదటి పెద్ద వానకే వీధి మధ్యలో ఆరిళ్ల ముందు నీళ్లు నిలిచాయి. వాటిలో మాదొకటి. 2024 సెప్టెంబరులో మురుగు మా పక్కింటి సంపులోకి దిగింది. ఆ సంగతి వాళ్లకు తెలిసేసరికి రెండు రోజులైంది. ఇంట్లో ఇద్దరికి వాంతులు, విరేచనాలు. చంటిపిల్లకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ పక్కన కూర్చున్నది నేనే. ఆ టెన్షన్ నేనింకా మరిచిపోలేదు.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రెండుసార్లూ ఎవరో ఒకరు వచ్చారు, పట్టించుకోలేదని అనను. పారిశుద్ధ్య కార్మికులు వచ్చి, నడుం లోతు మురుగులో దిగినంత పనిచేసి పూడిక తీసి వెళ్లారు. ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ వాన పడగానే మళ్లీ అదే నీళ్లు. సమస్య పూడికది కాదు, వాటానిది. వాటం తప్పుగా కట్టిన కాలువను చీపురుతో సరిచేయమని ఆ కార్మికులను పంపడం వాళ్లకు కూడా అన్యాయం. 2023 డిసెంబరు చివర్లో వాళ్లు సమ్మె చేసిన రోజుల్లో చెత్త కుప్పలు చూశాక, వాళ్ల పని విలువ ఏమిటో మా పట్టణంలో అందరికీ తెలిసింది.

అసలు ఈ పని ఎప్పుడు, ఎవరు, ఏం చూసి ఆమోదించారో తెలుసుకోవాలనిపించింది. సమాచార హక్కు చట్టం కింద ఆ నెల కౌన్సిల్ అజెండా, తీర్మానాల నకళ్లు అడిగాను. ముప్పై రోజుల గడువులో ఇరవై తొమ్మిదో రోజున ఇచ్చారు. పేజీకి 2 రూపాయల చొప్పున 38 పేజీలకు 76 రూపాయలు కట్టాను. ఇచ్చిన గుమాస్తా చాలా మంచివాడు. "టీచరుగారూ, ఇవి అడిగినవాళ్లలో నేను చూసింది మిమ్మల్నేనండీ" అన్నాడు.

అందులో మా వీధి 31వ అంశం. "వార్డు నందు సి.సి. డ్రెయిన్ నిర్మాణము, అంచనా విలువ రూ. 11.40 లక్షలు, పరిపాలనా ఆమోదము కొరకు" అని ఒకటిన్నర లైను. ఎక్కడినుంచి ఎక్కడికో లేదు. నీళ్లు ఎటు పోతాయో లేదు. కింద తీర్మానం ఒక్క మాట: "ఆమోదించడమైనది."

ఆ తర్వాత మున్సిపల్ ఆఫీసులో అనుమతి అడిగి ఒక కౌన్సిల్ సమావేశానికి వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు అజెండాలో 62 అంశాలు. మొత్తం సమావేశం గంటా పది నిమిషాలు. అందులో సంతాప తీర్మానం, ఒక సన్మానం, రెండు పార్టీల మధ్య పాత గొడవ కలిపి నలభై నిమిషాలు పోయాయి. అంటే 62 అంశాలకు 30 నిమిషాలు. ఒక్కో అంశానికి అర నిమిషం కూడా రాలేదు. వాటిలో వీధి దీపాల కొనుగోలు ఉంది, శ్మశానంలో షెడ్డు ఉంది, కూరగాయల మార్కెట్ షాపుల అద్దె గడువు పెంపు ఉంది, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల అద్దె ఉంది. ఒక్కొక్కటీ కొన్ని వందల కుటుంబాలకు సంబంధించినది. ఒక కౌన్సిలర్ మార్కెట్ అద్దెల గురించి మంచి ప్రశ్న వేశారు. "తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆ తర్వాత అనేది నేనున్నంతసేపూ రాలేదు.

మా వార్డు కౌన్సిలరమ్మతో కూడా మాట్లాడాను. డిగ్రీ చదివిన అమ్మాయి, ఫోన్ చేస్తే ఎత్తుతుంది. తప్పు ఒప్పుకుంది. "అజెండా పుస్తకం సమావేశానికి మూడు రోజుల ముందు ఇచ్చారండీ. మన వీధి పేరు చూసి సంతోషపడి సరే అన్నాను. ఏ వైపు పారుతుందని అడగాలని నాకు తట్టలేదు మేడమ్" అంది. ఆమెను ఏమీ అనలేకపోయాను. నాకూ తట్టేది కాదు. తట్టేది ఆ మేస్త్రీకి మాత్రమే. ఆ ఒకటిన్నర లైను వారం ముందు అతని కంటపడి ఉంటే, నీళ్ల ట్యూబు పట్టుకుని ఆ రోజే వెళ్లేవాడు. కాగితం మీద గీత మార్చడానికి అప్పుడు పైసా ఖర్చయ్యేది కాదు. ఇప్పుడు కాలువ పగలగొట్టి మళ్లీ కట్టాలి.

ఈ ఉత్తరంలో నేను అడిగేది ఇదొక్కటే. కౌన్సిల్ అజెండా సమావేశానికి కనీసం వారం ముందు ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. మామూలు తెలుగులో, ఏ వీధి, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత ఖర్చు, నీళ్లైతే ఎటు పారతాయి, దీపాలైతే ఎన్ని, ఎక్కడ అని ఉండాలి. ఆ వారంలో ఒక సాయంత్రం వార్డు వాళ్లను పిలిచి ఒక గంట మాట్లాడనివ్వాలి.

మా అన్నయ్య ఇక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరంలో పల్లెలో ఉంటాడు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి కదా, ఆ రోజు వాళ్ల ఊళ్లో చెట్టుకింద కుర్చీలు వేసి ఉపాధి హామీ పనుల జాబితా చదివారట. పశువుల చెరువు గట్టు పని ముందు చేయాలని అన్నయ్య లేచి చెప్పాడు. రాసుకున్నారు. ఆ పని అయిందా లేదా అన్నది వేరే సంగతి. లేచి చెప్పే అవకాశం అతనికి దొరికింది. నాకు దొరకలేదు. ఇద్దరం ఒక తల్లి బిడ్డలం, ఒకే జిల్లాలో ఉన్నాం. పట్టణంలో ఉన్నందుకు నా మాటకు చోటు లేకుండా పోయింది.

పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ, మున్సిపాలిటీలకు సంబంధించిన 74వ సవరణ రెండూ 1993లోనే అమల్లోకి వచ్చాయి. పల్లెకు గ్రామసభను రాజ్యాంగమే గుర్తించింది. పట్టణాల విషయానికొస్తే, వార్డు కమిటీలు ఉండాలని రాశారు గానీ, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట్లకే తప్పనిసరి చేశారు. మా పట్టణం జనాభా లక్ష పైచిలుకు. అయితే మా వంటి చోట్ల పెట్టకూడదని ఎక్కడా రాయలేదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షనులో అయితే, కౌన్సిళ్ల వంటి వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్ ప్రజలకు దొరుకుతాయా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 2005 నుంచీ ఉంది. నేను 76 రూపాయలు కట్టి, 29 రోజులు ఆగి తెచ్చుకున్నది నిజానికి గోడ మీద ఉండవలసిన కాగితమే.

పన్ను దగ్గర మాత్రం మేము పట్టణవాసులమని ఎవరూ మరిచిపోరు. 2021-22 నుంచి ఇంటిపన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి పెట్టారు. 2020-21లో మా ఇంటికి 2,140 రూపాయలు. 2024-25కి 3,743 అయింది. ఏటా 15 శాతమే అని చెబితే చిన్నగా వినిపిస్తుంది గానీ, నాలుగేళ్లకు అది 75 శాతం పెరుగుదల. పన్ను కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఏటా ఏప్రిల్ నెలలోనే మొత్తం కట్టి 5 శాతం రాయితీ తీసుకుంటాను. ఆ డబ్బుతో మా ఇంటిముందు ఏం కడుతున్నారో ముందుగా చెప్పమని మాత్రమే అడుగుతున్నాను.

దీనికి కొత్త ఉద్యోగులు అక్కర్లేదు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చినప్పటినుంచీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఆఫీసు ఉంది. అందులో అడ్మిన్ సెక్రటరీ ఉన్నారు, రోడ్లు, డ్రెయిన్లు, నీళ్లు చూసే అమెనిటీస్ సెక్రటరీ ఉన్నారు, శానిటేషన్ సెక్రటరీ ఉన్నారు. మంచి జరిగినప్పుడు మంచి అనే చెప్పాలి. మా మనవరాలి జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించడానికి మా సచివాలయంలో నాకు పట్టింది రెండు రోజులు. ఏడాదిలోపు పేరు చేర్చుకుంటే ఫీజు లేదని అక్కడ పనిచేసే అమ్మాయే గుర్తుచేసి, నాచేత దరఖాస్తు నింపించింది. పిల్ల పేరు అంత శ్రద్ధగా రాసిన చోట ఒక అజెండా కాగితం అంటించలేరా?

నలుగురైదుగురు కౌన్సిలర్లను ఈ మాట అడిగితే, "ప్రజలు మమ్మల్ని ఎన్నుకున్నారు కదా, మళ్లీ అందరినీ అడిగితే ఏ పనీ సాగదు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఓటు వేసి పంపింది నిర్ణయాలు తీసుకోమనే. నిర్ణయం మీదే ఉంచుకోండి. వీధి గురించి వీధిలో ఉన్నవాళ్లకు తెలిసినంత కౌన్సిల్ హాలులో తెలియదు కాబట్టి, నిర్ణయానికి ముందు ఆ ఒక్క సాయంత్రం వినండి. ఏ ఇంటి గేటు ముందు వాల్వు ఉందో, ఏ స్తంభం దగ్గర ఆడపిల్లలు చీకట్లో నడవలేకపోతున్నారో, ఉదయం అయిదున్నరకు వచ్చే కుళాయి నీళ్లు ఏ ఇంటి దగ్గర ఆగిపోతున్నాయో అంచనాలు వేసే బల్ల దగ్గర కూర్చుంటే కనిపించవు. నలుగురు వచ్చి అరుస్తారని భయం కూడా ఉంది, అదీ చెప్పారు. అరుస్తారు, మొదటి రెండు మూడు సమావేశాల్లో తప్పకుండా అరుస్తారు. క్లాసులో కొత్తగా ప్రశ్నలడగమన్నప్పుడు పిల్లలు కూడా మొదట అరుస్తారు. నెల తిరిగేసరికి చెయ్యెత్తి అడగడం నేర్చుకుంటారు.

ఇంకో కారణానికి ఇది ఇప్పుడే రాస్తున్నాను. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2026 మార్చి వరకే. అంతకుముందు కౌన్సిళ్ల గడువు 2019 జూలైలో ముగిశాక, 2021 మార్చి దాకా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. అప్పుడు మా గోడు చెప్పుకోవడానికి కౌన్సిలర్ కూడా లేరు. అలాంటి ఖాళీ మళ్లీ వస్తే, గోడ మీద అజెండా, వార్డులో నెలకొక సాయంత్రం ఉండటం ఇంకా ఎక్కువ అవసరం. అందుకే ఏ కౌన్సిల్ అయినా తన గడువు ముగిసేలోపే దీన్ని ఒక తీర్మానంగా పెట్టి వెళ్లాలని కోరుతున్నాను. ఓటు అడగడానికి రాబోయేవాళ్లను కూడా మీ పాఠకులు ఇదే అడగాలని నా మనవి.

మా డ్రెయిన్ మళ్లీ కట్టే విషయం వచ్చే కౌన్సిల్ సమావేశానికి పెడతామని మా కౌన్సిలరమ్మ మాటిచ్చింది. ఈసారి అంశంలో "పడమటి వైపు, బోదె వరకు" అన్న నాలుగు మాటలు ఉన్నాయో లేదో ముందుగా చూడనివ్వమని అడిగాం. అజెండా కాపీ సచివాలయం తలుపు మీద కనబడిన రోజున మా వీధివాళ్లం అందరం వెళ్లి చదువుతాం. మేస్త్రీ తన నీళ్ల ట్యూబు కడిగి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు