ఎర్తు వైరు తిరిగి బిగించిన పెద్దాయనకు

నిన్న తెల్లవారుజామున 14వ ప్రదర్శన ముగించుకుని తిరిగొచ్చి, వ్యానులోంచి సామాను దించి, అలాగే గోడకు చేరగిలపడి కూర్చుండిపోయాం. మా బ్యాండ్ రెండో ఆల్బంతో 23 రోజులు ఊళ్లు తిరిగాం. పడుకుని లేచాక రాస్తే మాటలు మరీ పద్ధతిగా వస్తాయేమోనన్న భయంతో ఇంకా కన్ను మూయకుండానే ఇది రాస్తున్నాను కనుక, తప్పులుంటే మన్నించండి. కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్లు చాలామందే ఉన్నా, ముందుగా ఒక్కరి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆయన అంతకుముందు మా పాట ఒక్కటైనా విని ఉండరు. తన పేరు ఎక్కడా రాయవద్దని మాట తీసుకున్నారు గనుక పెద్దాయన అనే అంటాను.

ఆయన చేసిన మేలు అర్థం కావాలంటే రికార్డింగు రోజుల నాటి నా తప్పు ముందు ఒప్పుకోవాలి. తొమ్మిది పాటల ఆల్బం మాది. స్టూడియో అద్దె నాలుగు రోజులకే కట్టగలిగాం కాబట్టి డ్రమ్స్, బేసు మాత్రం అక్కడ కలిపి వాయించి, గిటార్లూ గాత్రమూ మేం సాధన చేసుకునే గదిలోనే పూర్తి చేసుకున్నాం. వాటిలో ఐదో పాట చాలా నెమ్మదైనది. ఎల్పీ రికార్డులో సూది లోపలి గాడుల్లోకి వెళ్లేకొద్దీ పై స్థాయి ధ్వనులు మసకబారతాయి కనుక, హోరెత్తే పాటను ఒక వైపు చివరన పెట్టుకోవద్దని మాస్టరింగ్ (రికార్డు అచ్చుకు ముందు పాటల ధ్వనిని చివరిసారి సరిచేసే పని) చేసినాయన సలహా ఇస్తే, ఈ పాటను మొదటి వైపు చివరికి చేర్చాం. తీరా చూస్తే గిటారు ఆగిన ప్రతి చోటా వెనకనుంచి 50 హెర్ట్జ్ గుంయ్‌కారం. గిటారు ధ్వనిని పెంచే ఆంప్‌కు ఒక గోడలోని సాకెట్ నుంచి, రికార్డు చేసే కంప్యూటరుకు ఎదురు గోడలోని సాకెట్ నుంచి కరెంటు తీసుకోవడంతో రెండు ఎర్తుల మధ్య ఒక వలయం ఏర్పడిందని, ఆ మోత దానివల్లే వస్తోందని నాకు అప్పటికి తెలియదు. మూడు రాత్రులు వెతికాను, కేబుళ్లన్నీ మార్చి చూశాను. చివరికి ఎవరో ఎప్పుడో చెప్పిన చిట్కా గుర్తొచ్చి, ఆంప్ ప్లగ్గు విప్పి, ఎర్తు వైరు ఊడదీసి, దాని కొసకు టేపు చుట్టేశాను. గుంయ్‌మనడం ఠక్కున ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయి, పాట పూర్తి చేసి, ఆ ప్లగ్గు సంగతే మరిచిపోయాను.

అదే ప్లగ్గుతో ఊళ్లమీద పడ్డాం. మూడో ప్రదర్శనలో మైకుకు పెదవి తగిలినప్పుడల్లా జివ్వుమనేది. గిటారు తీగలకు ఆంప్ రేకుతో కలయిక ఉంటుంది, మైకు మాత్రం సౌండ్ సిస్టమ్ ఎర్తుకు కలిసి ఉంటుంది, మధ్యలో ఉన్నది నా ఒళ్లు. నేను మైకుకు స్పాంజి తొడిగి, ఆ జివ్వుమనడాన్ని కూడా సర్దుకుపోయాను. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీద మైకును ముట్టుకుని విద్యుదాఘాతానికి బలయ్యాడనీ, యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లోనే గిటారు వాయించుకుంటూ అలాగే పోయాడనీ నేను చదవనివాణ్ణేమీ కాను. చదివిన సంగతులు వేరే ఎవరికో జరుగుతాయనుకునే రకం నాది, అంతే.

ఆరో ప్రదర్శన రోజు, జనం లోపలికి రావడానికి గంట ముందు ఆంప్ ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. మూడోది లేదు. నేను సిగరెట్ పెట్టెలోని రేకు కాగితం చింపి, కాలిన ఫ్యూజుకు చుడుతూ ఉండగా వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ చెయ్యి తియ్యి బాబూ."

ఆ హాల్లో కరెంటు పనులు చూసే పెద్దాయన. ఆయన డ్యూటీ అప్పటికే అయిపోయింది, భుజాన సంచీ కూడా ఉంది. ఆంప్ జోలికి వెళ్లకుండా ముందుగా ప్లగ్గు చేతిలోకి తీసుకుని, విప్పి, టేపు చుట్టిన వైరు కొసను వేలితో పైకి లేపి చూపించి, ఇది ఎవరు తీశారని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. నేనేనండీ అన్నాను. మోత వస్తుంటే ఆపడానికి తీశానని నసిగాను.

"నీకు మోత వినపడకుండా పోయింది. మీ అమ్మకు నీ గొంతు వినపడకుండా పోయేది" అన్నారు.

మా వాళ్లందరి ముందూ, హాలు నిర్వాహకుల ముందూ తిట్టారు. కన్న కొడుకును తిట్టినట్టు తిట్టారు. ఈ 23 రోజుల్లో మాతో గట్టిగా మాట్లాడినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లందరికీ కావలసింది మా సమయపాలనో, మా వాటా డబ్బులో. నేను బతికి ఉండడం గురించి కోప్పడిన మనిషి ఆయన ఒక్కరే.

ఆ తర్వాత సంచీ పక్కన పెట్టి ఆంప్ విప్పారు. పని చేసినంతసేపూ ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోంచి బయటకు తీయలేదు. రెండు చేతులూ లోపల పెడితే, పొరపాటున తగిలిన కరెంటు ఒక చేతినుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుందని, వాల్వులనే గాజు గొట్టాలతో నడిచే పాత రేడియోల దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో గురువు తన చేతిని జేబుతో కలిపి కుట్టేస్తానని బెదిరించేవాడని చెప్పి నవ్వారు. ప్లగ్గు తీసేసినా లోపల కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండగలదట. కరెంటును అడ్డుకునే రెసిస్టరు ఒకదానికి వైర్లు కట్టి, నిదానంగా ఆ కరెంటు దింపుతూ, మీటరులో అంకె తగ్గడం నాకు చూపించారు. ఆంప్‌లో ధ్వనికి బలమిచ్చే నాలుగు ఈఎల్34 రకం వాల్వుల్లో ఒకటి లోపల షార్టయింది, దాని పక్కనున్న రెసిస్టరు బొగ్గయింది. మా దగ్గర మారు వాల్వు లేదు. ఆయన చెడినదాన్నీ, దానికి ఎదురు వైపు పనిచేసే మంచిదాన్ని ఒకదాన్నీ తీసి పక్కన పెట్టి, రెండింటితోనే నడుపుకొమ్మని, 16 ఓమ్‌ల స్పీకరు పెట్టె అయినా ఆంప్ వెనక స్పీకరు ఓమ్‌లను ఎంచే మీటను 8కి తిప్పారు. అలా తిప్పితేనే ట్రాన్స్‌ఫార్మరుకూ మిగిలిన జతకూ లెక్క కుదురుతుందట. 100 వాట్ల ఆంప్ 50 వాట్లయింది. ఆ రోజు గాత్రం మొదటిసారి స్పష్టంగా వినపడిందని మా డ్రమ్మరు అన్నాడు, దాని మీద నేనేమీ వ్యాఖ్యానించను.

చివరగా ప్లగ్గు. వైరు కొస కొత్తగా ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి, స్క్రూ బిగించి, మూడుసార్లు లాగి చూశారు. ఆంప్ వేయగానే పాత గుంయ్‌కారం తిరిగి వచ్చింది. వేదిక మీద గిటారు ధ్వనిని మార్చే పెడళ్లూ ఆంప్‌లూ ల్యాప్‌టాపూ అన్నింటికీ ఒకే చోటునుంచి కరెంటు వచ్చేలా బోర్డులు మార్చి కలిపారు. మోత పోయింది. నేను మూడు రాత్రులు చేయలేనిది రెండు నిమిషాల్లో అయిపోయింది, అదీ ఎర్తు ఉండగానే.

అంతటితో ఆయన వెళ్లిపోయి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదేమో. వెళ్లలేదు. మేం వాయించినంతసేపూ వేదిక పక్కన మెయిన్ స్విచ్చు అందే దూరంలో స్టూలు వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. జనాన్ని గానీ, దీపాలను గానీ చూడలేదు. నా చేతులనే చూస్తూ ఉన్నారు. ఐదో పాటలో గిటారు ఆగే చోటు వచ్చింది, వెనక పూర్తి నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఓరగా చూస్తే స్విచ్చు మీద ఆయన చెయ్యి. తర్వాతి చరణం నా నోట రాలేదు. మా బేసిస్టు అందుకుని పాడాడు. దాన్ని పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టినవాళ్లకు ఇప్పుడు నిజం చెబుతున్నాను. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ చెడిపోయిన వాల్వు మాత్రం అడిగి తీసుకున్నారు. దీపం వెలుగులో దాన్ని తిప్పి చూసి, రుమాలులో చుట్టి సంచీలో పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మేం కుదుర్చుకున్న చాలా హాళ్లలో, మేం స్వయంగా అచ్చువేయించుకుని, మోసుకెళ్లి, మేమే అమ్ముకునే టీషర్టుల్లోనూ రికార్డుల్లోనూ నిర్వాహకులకు వాటా ఇవ్వాలి. ఎన్ని అమ్మామో లెక్కపెట్టడానికి మనిషిని పెడతారు. వేదిక మీది సాకెట్లలో ఎర్తు ఉందో లేదో చూడడానికి ఎవరినీ పెట్టరు, ప్రమాదం జరిగితే బాధ్యత కళాకారులదేనని ఒప్పందంలో ఒక వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది. ప్లగ్గు పాడుచేసింది నేనే, కాదనను. అయినా ఆరు ఊళ్లలో ఒక్కరూ దాన్ని చూడలేదు. ఇక స్ట్రీమింగ్ అంటారా, 2024 నుంచి ఒక పెద్ద స్ట్రీమింగ్ సేవలో, గడిచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినబడని పాటకు ఒక్క పైసా రాదు. అంతవరకూ వచ్చిన వినికిడి తాలూకు డబ్బు ఎక్కువమంది వినే పాటల ఖాతాలోకి చేరుతుంది. ఆయన కాపలా కాసిన ఆ ఐదో పాట ఇంకా ఆ గీత దాటలేదు. సరే, ఇది ఫిర్యాదుల రాత కాదు, ఇక్కడితో ఆపుతాను.

అమ్మకు, నాన్నకు, నేను లేని 23 రోజులూ ఇంటిని ఒంటిచేత్తో నడిపిన నా భార్యకు, మాతోపాటే వచ్చి వ్యాను నడిపిన తమ్ముడికి కృతజ్ఞతలు. వాళ్లకు తెలుసు. ప్లగ్గు సంగతి మాత్రం అమ్మకు తెలియదు, ఇది చదివేవాళ్లు దయచేసి చెప్పకండి.

ముందుగానే డబ్బు కట్టి రికార్డు తెప్పించుకున్న 212 మందికీ, ఆలస్యమైనా ఒక్కరు కూడా తిరిగి అడగనందుకు నమస్కారాలు. తొమ్మిదో ప్రదర్శనలో మా స్నేర్ డ్రమ్ తోలు చినిగితే, తమ వంతు ఇంకా రాకముందే తమ డ్రమ్ విప్పి ఇచ్చిన బ్యాండ్‌కు కృతజ్ఞతలు. వాళ్లు ఆ రోజు మనకు పోటీయని నేను వ్యానులో గొణిగిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయ్యో, మాస్టరింగ్ చేసినాయనకు సలహా గురించి చెప్పాను గానీ కృతజ్ఞత చెప్పలేదు. ఆ ఐదో పాటను మా కోసం మూడుసార్లు చేసి ఒక్కసారికే డబ్బు తీసుకున్నారు. రెండు ఊళ్లలో టీషర్టుల బల్ల దగ్గర నిలబడిన అక్కాచెల్లెళ్లకు కూడా. అట్ట బొమ్మ వేసిన మిత్రుడికి కూడా, అతని పేరు లోపలి కాగితం మీద అచ్చు కానందుకు క్షమాపణలతో.

మరొకరు. పెద్దాయన ఆంప్ విప్పినప్పుడు వేదిక మీద వెలుతురు చాలకపోతే, హాల్లో కుర్చీలు సర్దే ఒక కుర్రాడు వచ్చి 40 నిమిషాలపాటు ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకున్నాడు గానీ వెలుగు కదలనివ్వలేదు. అతని పేరు అడగడం మరిచిపోయాను. ఇది ఎవరి ద్వారానైనా అతనికి చేరితే, అతని కోసం ఒక రికార్డు విడిగా తీసిపెట్టామని చెప్పండి.