కోడ్ చూపితే సెన్సార్ చెడినట్టేనా?

సంపాదకులకు,

చెక్ ఇంజిన్ లైటు వెలిగి బండి మిస్సింగ్ కొడుతుంటే స్కానర్ పెట్టించండి, అది చూపిన సెన్సార్ మార్పించండి. వాహన సంరక్షణ శీర్షికల్లో తరచూ కనిపించే సలహా ఇది. మొదటి సగం సరైనదే. రెండో సగం వల్లే బాగున్న సెన్సార్లు చెత్తలోకి పోతున్నాయి, ఇంజిన్ వణుకు మాత్రం అలాగే ఉంటోంది.

ఏ భాగం చెడిందో స్కానర్ చూపే కోడ్ చెప్పదు. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, ఏ లెక్క కుదరలేదో చెబుతుంది, అంతే. పీ0171 వచ్చిందనుకోండి. పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందని దాని అర్థం. ఆ సంగతి పసిగట్టింది ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సార్ కాబట్టి ముందు దాన్నే పీకేస్తారు. నిజానికి అది తన పని సరిగ్గా చేసినట్టే! పగిలిన వాక్యూమ్ పైపు, మురికి పట్టిన మాఫ్ సెన్సార్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది), నీరసించిన పెట్రోలు పంపు, ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో లీకు, వీటిలో ఏది ఉన్నా వచ్చేది ఇదే కోడ్.

ఇంకో చిక్కు ఉంది. ఆక్సిజన్ సెన్సార్‌కు పెట్రోలు కనబడదు, ఆక్సిజన్ మాత్రమే కనబడుతుంది. ఒక సిలిండర్‌లో స్పార్క్ పడకపోతే కాలని గాలి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. పెట్రోలు తక్కువైందనుకుని ఈసీయూ ఇంకా పోస్తుంది. అందుకే పీ0301 నుంచి పీ0304 వరకు ఏ మిస్‌ఫైర్ కోడ్ (చివరి అంకె సిలిండర్ నంబరు) ఉన్నా సెన్సార్ల జోలికి పోకుండా ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి. పీ0301 వస్తే ఒకటో సిలిండర్ కాయిల్‌ను, మూడోదాని కాయిల్‌ను అటూ ఇటూ మార్చండి. కోడ్ పీ0303గా మారితే దోషం కాయిల్‌ది. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూసుకోవాలి. లైటు ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి నడపకండి, ఎగ్జాస్ట్ పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది.

స్పార్క్ బాగుందని తేలాక స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును మామూలుకంటే ఎంత శాతం పెంచిందో (ప్లస్) తగ్గించిందో (మైనస్), చూడాలి. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసేది), లాంగ్ టర్మ్ (నేర్చుకుని దాచుకున్నది) రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే చింత లేదు. 10 దాటితే వెతకాలి. మాఫ్ ఉన్న ఇంజిన్లలో ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కు తెచ్చి నిలిపితే మామూలుకు దిగిందంటే అది గాలి లీకు. మాఫ్ దాటాక దొంగదారిలో వచ్చే గాలి కొంతే కాబట్టి, ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు దాని ప్రభావం తగ్గిపోతుంది. దీనికి తిరగబడి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే మాఫ్‌నో పెట్రోలు ప్రెషర్‌నో అనుమానించాలి. మాఫ్ లేకుండా, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్‌తో నడిచే ఇంజిన్లకు ఈ లెక్క వర్తించదు. వాటిలో లీకైన గాలిని కూడా మ్యాప్ సెన్సార్ లెక్కలోకి తీసుకుంటుంది. ట్రిమ్ అంతగా కదలదు, ఐడిల్ మాత్రం పైకి పోతుంది.

మాఫ్ మురికి పడితే మార్చేముందు దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించి చూడండి. కార్బ్యురేటర్ క్లీనర్ వాడకూడదు. లోపలి తీగను వేలితోగానీ గుడ్డతోగానీ తాకకూడదు.

కోడ్ లేకుండానే సతాయించేది కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. వైరు తెగితే మైనస్ 40 డిగ్రీలు చూపి పట్టుబడిపోతుంది. అలా కాకుండా ఇంజిన్ వేడెక్కినా రీడింగ్ ప్లస్ 40 దగ్గరే ఆగిపోతే, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. నల్లపొగ, పెట్రోలు వాసన, మసిబారిన ప్లగ్గులు, వేడెక్కాక వణుకు దాని గుర్తులు. పరీక్ష తేలికే. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయకముందు కూలెంట్, లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రతలు స్కానర్‌లో దాదాపు ఒకటిగా ఉండాలి. ఐదారు డిగ్రీలకు మించి తేడా ఉంటే రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతున్నట్టే. చాలా బళ్లలో ఈ సెన్సార్ రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్స్, 80 దగ్గర 300 ఓమ్స్ చుట్టూ ఉంటుంది. రీడింగ్ నిజంగానే తక్కువైతే, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. కూలెంట్ తగ్గి సెన్సార్ అందులో మునగకుండా ఉండిపోయినా రీడింగ్ తప్పుతుంది.

కొత్త సెన్సార్ కొనేముందు వైరింగ్ చూడటానికి పది నిమిషాలు చాలు. ఇగ్నిషన్ ఆన్ చేసి, కనెక్టర్ ఊడదీసి, రిఫరెన్స్ వైరులో 5 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో కొలవండి. ఎర్త్ చూడాలంటే కనెక్టర్ తిరిగి పెట్టి, వెనక నుంచి పిన్ గుచ్చి, బ్యాటరీ నెగటివ్‌తో కలిపి కొలవండి. 0.1 వోల్టు దాటకూడదు. ఇంజిన్ నడుస్తుండగా వైరు కదిపితే వణుకు మారుతోందా? అయితే లోపం అక్కడే. పిన్నుల మీద పచ్చని చిలుము కూడా అలాంటిదే. నాలుగైదు సెన్సార్ల కోడ్లు ఒక్కసారిగా వస్తే అన్నీ చెడిపోయాయని కాదు. చాలా బళ్లలో కొన్ని సెన్సార్లకు ఒకే 5 వోల్టుల లైను ఉంటుంది. ఒకటి షార్టయితే మిగతావీ పడిపోతాయి. ఒక్కొక్క కనెక్టరే ఊడదీస్తూ పోండి, ఏది తీసినప్పుడు వోల్టేజీ తిరిగొస్తే దోషి అదే.

ఇంజిన్ వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంటే, ఆగే క్షణంలో ఆర్‌పీఎమ్ ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడుతుంటే ఇంజిన్ తిరిగే వేగాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సార్‌ను చూడండి. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వేడిలోనే కొలవాలి. హాల్ రకం (లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండే) సెన్సార్‌ను మాత్రం ఓమ్‌మీటర్‌తో పరీక్షించకూడదు.

ఇవన్నీ చేయించేముందు ఎవరూ బ్యాటరీ టెర్మినల్ తీయకుండా, కోడ్లు చెరపకుండా చూసుకోండి. లోపం పుట్టిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, లోడు ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో నమోదై ఉంటాయి. కోడ్‌తో పాటు అవీ చెరిగిపోతాయి. కాబట్టి మెకానిక్ చెరిపేలోపు ఆ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

భవదీయుడు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్