ఆ రోజు నన్ను గేటు దాటించినవాళ్లకు

2025 జూన్ 28, శనివారం రాత్రి లండన్ స్టేడియంలో బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ వాయిస్తుంటే నేను అక్కడ ఉన్నాను. ఈ ఒక్క మాట రాయగలుగుతున్నానంటే దాని వెనక చాలామంది ఉన్నారు. కొందరి పేర్లు తెలుసు, కొందరివి అడిగే వ్యవధే లేకపోయింది. తెలిసినవాళ్లు కూడా పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది.

అసలు అదే షో ఎందుకంటే, అది వాళ్ల సొంత పేటలో జరిగిన షో. బేస్ గిటారిస్ట్ స్టీవ్ హ్యారిస్ ఈ బ్యాండ్‌ను 1975 క్రిస్మస్ రోజున మొదలుపెట్టాడు. తూర్పు లండన్‌లోని లేటన్‌స్టోన్ అతను పుట్టిన చోటు. స్టేడియం ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌లో సెంట్రల్ లైన్ మెట్రో రైలు ఎక్కితే లేటన్‌స్టోన్ రెండో స్టేషనే. తొలినాళ్లలో వాళ్లు వాయించిన కార్ట్ అండ్ హార్సెస్ పబ్ కూడా స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉంది. ఇక 2012 ఒలింపిక్స్ కోసం కట్టిన ఆ స్టేడియం 2016 నుంచి వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టుకు సొంత మైదానం. హ్యారిస్ ఆ జట్టుకు వీరాభిమాని, తన బేస్ గిటార్ మీద ఆ జట్టు గుర్తు వేయించుకున్నాడు. యాభయ్యేళ్ల సందర్భంగా వేసిన టూరు, అందులోనూ 1980 నాటి మొదటి ఆల్బమ్ నుంచి 1992లో వచ్చిన తొమ్మిదో ఆల్బమ్ వరకు ఉన్న పాటలే వాయిస్తామన్న మాట. నేను పెరిగింది సరిగ్గా ఆ తొమ్మిది ఆల్బమ్‌లతోనే. వేరే ఏ ఊళ్లో చూసినా సంతోషమే, కానీ చూడాలనుకున్నది మాత్రం అక్కడే.

మొదటి కృతజ్ఞత, బ్యాండ్‌ల కోసం దేశాలు తిరిగిన మా సీనియర్ అభిమానికి. టికెట్ కొన్నాక వీసా కాగితాలు చూసి నేను నీరుగారిపోయిన మాట నిజం. అదే సమయంలో, 2024 డిసెంబరులో, నాలుగు దశాబ్దాలు ఆ బ్యాండ్‌కు డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్ సావో పాలో షోతో టూర్ల నుంచి తప్పుకున్నాడన్న వార్త వచ్చింది. ఆయన వాయిస్తుండగా చూసే యోగం నాకు లేదని ఆ రోజు తేలిపోయింది. ఫోన్ చేసి బాధపడితే ఆ సీనియర్ అన్న ఓదార్చలేదు. "మిగతావాళ్లయినా ఎన్నాళ్లు తిరుగుతారో ఎవరికి తెలుసు? రేపు కాగితాలన్నీ పట్టుకుని రా" అన్నాడు, అంతే.

ఆ ఫైలు కట్టించింది అన్నే. షో టికెట్, విమానం బుకింగ్, బస, ఆఫీసులో సెలవు ఇచ్చినట్టు ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ ఒక వరుసలో. కవరింగ్ లెటర్‌లో నేను "పర్యటన నిమిత్తం" అని ముక్తసరిగా రాస్తే కొట్టేసి, ఏ బ్యాండ్, ఏ తేదీ, ఏ స్టేడియం, తిరుగు ప్రయాణం ఎప్పుడు అన్నీ విడమరిచి రాయించాడు. వెళ్లే పని నిజమైనప్పుడు దాన్ని దాచి పొడిపొడిగా రాస్తేనే అనుమానం వస్తుందని ఆయన అభిప్రాయం. చివర్లో ఇంకో మాట అన్నాడు: ఇందులో పెట్టిన ప్రతి కాగితానికీ ఒక జిరాక్స్ తీసి ఇంట్లో ఉంచు, ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లు. నీలం రంగు ఫైలు కొని, అందులో జిరాక్సులు పెట్టి, బీరువాలో ఉంచాను. అన్న చెప్పాడు కాబట్టి చేశాను. ఎందుకు చెప్పాడో లండన్‌లో తెలిసింది.

షో రోజు పొద్దున్నే వెళ్లి ఆ పబ్ బయట కాసేపు నిలబడ్డాను. నల్ల టీషర్టులు వేసుకున్నవాళ్లు ఎన్నెన్నో దేశాల నుంచి వచ్చి ఆ గోడ దగ్గర ఫొటోలు దిగుతున్నారు. అక్కడి నుంచి బయలుదేరి చాలా దూరం వచ్చేశాక, రోడ్డు పక్కన మ్యాప్ చూసుకుంటూ నడుస్తుంటే, వెనక నుంచి బైకు మీద వచ్చినవాడు చేతిలో ఫోన్ లాక్కుని వెళ్లిపోయాడు. అరిచేలోపే మలుపు తిరిగాడు.

విదేశంలో ఫోన్ పోతే ఏం పోతుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. షో టికెట్ ఫోన్‌లో. వేరే ఫోన్‌లో తెరుద్దామంటే ఓటీపీ వచ్చేది పోయిన సిమ్‌కే. ఈమెయిల్ తెరుద్దామన్నా అదే కథ. ఒక గది తాళంచెవి ఇంకో గదిలో, ఆ గది తాళంచెవి మొదటి గదిలో పెట్టి బయట నిలబడ్డట్టుంది. నడుముకు కట్టుకున్న సంచిలో పాస్‌పోర్టు, ఒక బ్యాంకు కార్డు మాత్రం ఉన్నాయి. దారి అడుక్కుంటూ స్టేడియం చేరి క్యూ దగ్గరున్న సిబ్బందిని అడిగితే, టికెట్ సమస్యలు చూసే కౌంటర్ వేరే వైపు ఉందని, ఇంకా తెరవలేదని చెప్పారు. ఎండ మండిపోతోంది. ఎటు వెళ్లాలో తోచక అక్కడే నిలబడిపోయాను.

క్యూలో ముందున్న తల్లీకూతుళ్లలో తల్లి నన్ను చూసి పిలిచింది. ముందు నీళ్ల సీసా చేతికిచ్చి, తాగాక చెప్పమంది.

వాళ్లు చేసింది ఎంత పెద్ద సాయమో తెలియాలంటే ఆ క్యూ ఏమిటో తెలియాలి. స్టేజి ముందు నిలబడి చూసే భాగంలో నంబర్లుండవు. ఎవరు ముందు లోపలికి వెళ్తే వాళ్లకే బారికేడ్ పట్టుకుని నిలబడే చోటు దొరుకుతుంది. దాని కోసం ఐరన్ మెయిడెన్ ఫ్యాన్ క్లబ్ సభ్యులకు లాటరీ కూడా తీస్తుంది, పేరు వచ్చినవాళ్లను అందరికంటే ముందు పంపుతారు. వీళ్ల పేరు రాలేదు. అందుకని తెల్లవారకముందే వచ్చి కూర్చున్నారు. తల్లి ఎనభైల్లో ఈ బ్యాండ్‌ను మొదటిసారి చూసిందట, అప్పటికి ఆవిడకు కూతురి వయసేనట. కూతురికి ఇదే మొదటి షో. దాన్ని బారికేడ్ దగ్గర నిలబెట్టి చూపించాలని ఆవిడ కోరిక.

నా కథంతా విని ఆవిడ తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "నీకు కంఠతా వచ్చిన నంబర్ ఒక్కటైనా ఉందా?" అని అడిగింది. ఒక్కటే ఉంది, మా సొంత అన్నయ్యది.

తెలియని విదేశీ నంబర్ కదా, ఎత్తడేమో అనుకున్నాను. ఎత్తాడు.

"అన్నయ్యా, నేనే. ఫోన్ లాక్కుపోయారు. ఇది వేరేవాళ్లది."

"నీకేం కాలేదు కదా?"

"ఏం కాలేదు. ముందు నా సిమ్ బ్లాక్ చేయించు. తర్వాత బీరువాలో నీలం ఫైలు తియ్యి."

ఎందుకు, ఎలా అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఉన్నపళంగా పని వదిలేసి ఇంటికి వెళ్లి సిమ్ ఆపించాడు, ఫోన్‌లో ఉన్న కార్డులు ఆపించాడు. ఫైలులోని టికెట్ కాగితం ఫొటో తీసి ఆవిడ నంబర్‌కు పంపాడు. బుకింగ్ నంబర్, కొన్న తేదీ, నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. అన్నయ్యా, నీకు ఈ సంగీతం నచ్చదని నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పెట్టినప్పుడల్లా తలుపు వేసుకునేవాడివి. అయినా ఆ మధ్యాహ్నం నాకంటే నువ్వే ఎక్కువ కంగారుపడ్డావని వదిన తర్వాత చెప్పింది.

కౌంటర్ తెరిచే వేళయ్యాక దారి చెబితే నేనే వెళ్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. టికెట్ ఫొటో తన ఫోన్‌లో ఉందని, పైగా ఉచ్చారణ తేడాలతో మాటలు అటూ ఇటూ అయితే ఇబ్బందని, కూతుర్ని క్యూలో ఉంచి నాతో నడిచింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, బుకింగ్ నంబర్ కొట్టింది, కొన్న కార్డు చివరి అంకెలు అడిగింది. తర్వాత లోపలికి వెళ్లి పైవాళ్లతో మాట్లాడి వచ్చింది. పోయిన ఫోన్‌లోని టికెట్ చెల్లకుండా చేసి, కొత్తది కాగితం మీద ముద్రించి ఇచ్చింది. నా వెనక పెద్ద వరుస ఉంది. అయినా ఒక్క క్షణం కూడా విసుక్కోలేదు. దొంగతనం గురించి పోలీసులకు చెప్పాలంటే 101కి ఫోన్ చెయ్యాలని ఒక కాగితం మీద రాసి, "ముందు షో చూసి రండి" అంది. ఆ అమ్మాయి ఈ మాటలు ఎప్పటికీ చదవకపోవచ్చు, అయినా ఆవిడకు నా నమస్కారం ఇక్కడ రాసి ఉండాలి.

మేం తిరిగి వచ్చేసరికి గేట్లు తెరిచేశారు. ముందు కూర్చున్నవాళ్లంతా లోపలికి పరుగెత్తి వెళ్లిపోయారు. కూతురు మాత్రం సామాను పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడి ఉంది. సిబ్బంది రెండుసార్లు వెళ్లమన్నారట, అమ్మ రాకుండా వెళ్లనందట. తెల్లవారకముందు నుంచి కాపాడుకున్న చోటు అలా పోయింది. నాకు నోట మాట రాలేదు. తల్లి నా మొహం చూసి, "బారికేడ్ దగ్గర నిలబడితే స్టేజి ఎత్తుకి డ్రమ్స్ కనిపించవు. వెనక నుంచైతే కొత్తతను ఎలా వాయిస్తాడో బాగా చూడొచ్చు" అంది. ఇన్ని షోలు చూసిన మనిషికి బారికేడ్ విలువ తెలియక అన్న మాట కాదది. నేను తేలికపడాలని వెతికి పట్టుకున్న మాట.

ముగ్గురం కలిసే నిలబడ్డాం. ముందు వాయించిన హేల్‌స్టార్మ్ బ్యాండ్ జనాన్ని బాగా వేడెక్కించింది. తర్వాత స్పీకర్లలో యూఎఫ్‌ఓ బ్యాండ్ పాత పాట ఒకటి మొదలైంది. మెయిడెన్ స్టేజి మీదకు వచ్చేముందు ప్రతిసారీ వేసే పాట అదే. రికార్డింగుల్లో ఎన్నోసార్లు విన్నాను. అంతమంది గొంతు కలిపి పాడుతుంటే, నా గొంతు కూడా అందులో ఉంటే, అది వేరే. పక్కనున్న కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు అప్పటికి 66 ఏళ్లు. 2015లో నాలుక మీద క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్న గొంతు అది. స్టేజి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతూ, ఆగిన చోటే పైస్థాయి అందుకుంటుంటే నమ్మబుద్ధి కాలేదు. హ్యారిస్ ఎప్పటిలాగే ఒక కాలు స్పీకర్ మీద పెట్టి, బేస్ గిటార్‌ను జనం మీదకు గురిపెట్టి, ప్రతి పాటలో ప్రతి మాటా తనూ పాడుతున్నాడు. కొత్త డ్రమ్మర్ సైమన్ డాసన్ నికోను అనుకరించడానికి ప్రయత్నించలేదు, అది నాకు నచ్చింది. ఆవిడ అన్నట్టే అక్కడి నుంచి అతను స్పష్టంగా కనిపించాడు. కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి కవిత ఆధారంగా 1984లో చేసిన పదమూడు నిమిషాల పై చిలుకు పాట నాకు అన్నిటికంటే ఇష్టం. దాని మధ్యలో వాయిద్యాలన్నీ తగ్గి, ఓడ చెక్కలు కిర్రుమనే చప్పుడు మాత్రం వినిపించే భాగం ఉంది. వేలమంది జనం కదలకుండా విన్నారు. తల్లి కూతురి చెవిలో ఏదో చెప్పింది, ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ అంతే.

టూరు మొదలయ్యే ముందే వాళ్ల మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్, ఫోన్లు పక్కన పెట్టి షో చూడమని అభిమానులను కోరాడు. చాలామంది ఆ మాట పాటించారు. అయితే చివరి పాట అయ్యాక లైట్లు వెలిగినప్పుడు ఆవిడ మా ముగ్గురినీ కలిపి ఒక ఫొటో తీసి అన్నయ్య నంబర్‌కు పంపింది. నేను ఆ ఫొటో చూసేలోపే మా అమ్మ దాన్ని చుట్టాలందరికీ చూపించేసింది.

మా పక్కన నిలబడ్డ పెద్దాయన గురించి కూడా చెప్పాలి. జీన్స్ జాకెట్ నిండా పాత టూర్ల ప్యాచులు కుట్టుకుని, చేతికర్రతో వచ్చాడు. నా దగ్గర ఫోన్ లేదని విని, స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్‌లో ఏ లైను ఎక్కాలో, ఎక్కడ మారాలో, దిగాక ఎటు తిరగాలో కాగితం మీద బొమ్మ వేసి ఇచ్చాడు. బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే చాలు, వేరే టికెట్ అక్కర్లేదని చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా, అంత జనంలో కర్ర ఊతంగా నెమ్మదిగా నడుస్తూ ప్లాట్‌ఫామ్ దాకా వచ్చి, నేను ఎక్కిన రైలు సరైనదేనని చూసుకుని వెళ్లాడు. ఆయన పేరు నాకు తెలియదు. ఆ రాత్రి ఎవరికైనా అలా దారి గీసిచ్చానని చెప్పుకునే పెద్దాయన మీకు తారసపడితే, క్షేమంగా చేరానని చెప్పండి.

తల్లికి, కూతురికి: ఈ రాతను మీ భాషలోకి మార్చి పంపుతానని మాటిచ్చాను, పంపుతున్నాను. మీరు వదులుకున్న చోటు ఎంత విలువైందో నాకు తెలుసు. మళ్లీ ఎప్పుడైనా, ఎక్కడైనా మనం ఒకే షోకు వెళ్తే, రాత్రంతా క్యూలో కూర్చునేది నేను. మీరు గేట్లు తెరిచే వేళకు వస్తే చాలు.

ఇక మన దగ్గర నుంచి ఏ బ్యాండ్ కోసమైనా, ఏ దేశమైనా వెళ్లాలనుకునేవాళ్లు ఉంటే నన్ను అడగండి. సీనియర్ అన్న నాకు నేర్పినట్టే ఫైలు కట్టిస్తాను, కవరింగ్ లెటర్ చదివి పెడతాను. జిరాక్సులు ఇంట్లో ఉంచారా లేదా అని మాత్రం పదేపదే అడుగుతాను, విసుక్కోకండి.