బంజరు అని రాసే ముందు ఒక్క వానాకాలం ఆగండి: అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

జీవవైవిధ్యం ఉన్న చోట్లను వారసత్వ స్థలాలుగా ప్రకటించవచ్చని జీవవైవిధ్య చట్టం సెక్షన్ 37 చెబుతుందని, పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలు ఎందుకు వేశారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయాను. పదిమందీ చదివే చోట రాస్తేనైనా మీ కంట పడుతుందేమోనని ఇలా రాస్తున్నాను. జవాబే రాలేదని మాత్రం అనను. వచ్చింది. 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా ఊరి కొండ దగ్గరికి ఎవరూ రాలేదు, నాతో ఎవరూ మాట్లాడలేదు, అయినా పరిష్కారమైపోయింది. పని ఇంత సులువని తెలిస్తే ఇంకా ముందే అడిగేవాణ్ణి.

నేను అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. మా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో, అంటే ఊళ్లో ఉన్న మొక్కలు, జీవుల వివరాలు రాసి పెట్టే పుస్తకంలో, అడవి మొక్కల భాగాన్ని మళ్లీ రాయించమన్నాను. ఈసారి వానాకాలంలో, మొక్కలు తెలిసినవాళ్లను తీసుకొచ్చి రాయించమన్నాను.

ఆ రిజిస్టర్ ఎలా తయారైందో మీ శాఖలో అందరికీ తెలుసు. చట్టం 2002 నాటిది. పదిహేడేళ్లు ఎవరికీ గుర్తు రాలేదు. 2020 జనవరి ఆఖరుకల్లా కమిటీలు, రిజిస్టర్లు పూర్తి చేయాలని, లేకపోతే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ అనేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. కమిటీలు రాత్రికి రాత్రే పుట్టాయి. నేను ఒక కమిటీలో సభ్యుణ్ణన్న సంగతి నాకే చాలా ఆలస్యంగా, వేరే పని మీద పంచాయతీ ఆఫీసుకు వెళ్తే తెలిసింది. నియమాల ప్రకారం మూడో వంతు మహిళలుండాలి కదా, వాళ్లూ ఉన్నారు. వాళ్లకూ తెలియదు.

రిజిస్టర్ తెరిచి చూస్తే వేప, చింత, తులసి, తంగేడు, జిల్లేడు. ఇవి లేని ఊరేది? ఒక పేజీలో పక్క ఊరి పేరు అలాగే ఉండిపోయింది, కొట్టేయడం మరిచిపోయారు. కొండ గురించి ఒకే ఒక్క వరుస రాశారు: పొదలు, గడ్డి, రాళ్లు.

గడువు జనవరి ఆఖరు కాబట్టి సర్వే కూడా ఆ చలికాలంలోనే జరిగింది, జరిగిందనే అనుకుందాం. జనవరిలో మా రాతి కొండల మీద ఏముంటుంది సార్? సెరోపీజియా, బ్రాకీస్టెల్మా లాంటి దుంప మొక్కలు తొలి వానలకు మొలకెత్తి, కొద్ది వారాలు పూసి, మళ్లీ దుంపగా భూమిలోకి పోతాయి. ఎండాకాలంలో వాటి మీద కాలు వేసి నడిచినా తెలియదు. సెరోపీజియా పువ్వు గొట్టంలా ఉండి, లోపలి నూగుతో చిన్న ఈగల్ని కాసేపు బంధించి, పుప్పొడి అంటించి వదిలేస్తుంది. అది చూడాలంటే సరైన వారంలో అక్కడ ఉండాలి. బండరాళ్ల మీద నీరు ఊరే చోట్ల పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా, యుట్రిక్యులేరియా వస్తాయి. తడి ఆరిపోగానే అవీ పోతాయి. చలికాలంలో వచ్చి 'ఏమీ లేదు' అని రాయడమంటే, అర్ధరాత్రి వీధిలోకి తొంగిచూసి ఊళ్లో జనం లేరని లెక్క రాసుకోవడమే.

ఆ ఒక్క వరుస వల్ల ఏం జరుగుతోందో చెబుతాను. అసలు బాధ అదే. రెవెన్యూ రికార్డుల్లో ఈ కొండ పోరంబోకు. రిజర్వు ఫారెస్టు కాదు. కాబట్టి అటవీ ఆఫీసుకు వెళ్తే 'మా పరిధి కాదు' అంటారు. రెవెన్యూ ఆఫీసుకు వెళ్తే 'మొక్కల సంగతి మాకేం తెలుసు' అంటారు. నిజమే, తెలియదు. అందుకే క్వారీ లీజుకు నిరభ్యంతర పత్రం అడిగితే రిజిస్టర్ తీసి చూస్తారు. అందులో అరుదైనది ఏదీ లేదని ఉంటుంది. సంతకం పడుతుంది. చట్టం మొక్కల్ని కాపాడడానికి పెట్టించిన పుస్తకమే, అక్కడ మొక్కలు లేవనడానికి సాక్ష్యంగా నిలబడుతోంది. రిజిస్టరే లేకపోయి ఉంటే కనీసం 'తెలియదు' అని వాదించడానికైనా వీలుండేది.

క్వారీ తప్పిన కొండలకు పచ్చదనం పట్టుకుంటోంది. బోడి కొండ కనబడితే చాలు, గుంతలు తీయడం, కందకాలు తవ్వడం, నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు నాటడం. ఆ గుంత తీసేటప్పుడు పైకొచ్చిన దుంప ఏమిటో చూసేవాళ్లెవరు? ఎండ పడే గడ్డినేల కూడా ఒక ఆవాసమేనని, దానికి నీడ పరిస్తే అక్కడివి చచ్చిపోతాయని మీ శాఖలోనే చదువుకున్న అధికారులున్నారు. వాళ్లను ఒక్కసారి అడగండి. చెట్లు నాటొద్దని నేననడం లేదు. ఎక్కడ నాటుతున్నారో ముందు చూడమంటున్నాను.

పేరున్న మొక్కల గతి బాగుందా అంటే అదీ లేదు. శేషాచలం కొండల్లో పేరిత ఉంది, కొందరు మదన కామాక్షి అంటారు, శాస్త్రవేత్తల లెక్కలో సైకస్ బెడ్డోమై. వన్యప్రాణి చట్టంలో మొదటిసారి మొక్కల జాబితా చేర్చినప్పుడు దేశం మొత్తానికి ఆరు పేర్లే పెట్టారు, అందులో ఇదొకటి. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. కాగితం మీద ఇంతకన్నా రక్షణ ఏ మొక్కకుంటుంది? అయినా మందు కోసం మగ మొక్కల కంకుల్ని కోసుకుపోతారు. ఈ జాతిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ కంకి పోతే ఆడ మొక్కకు పుప్పొడి అందదు, విత్తనం కట్టదు. బెడ్డోమ్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన అటవీ అధికారి. ఆ రోజుల్లో దొరలు కొండలెక్కి మొక్కలు ఏరారు. ఇప్పుడు రోడ్డుంది, జీపుంది, దిగడానికే తీరిక లేదు.

కొండ కొత్తిమీర, తెల్ల కరక, మొగి, కొండ గుగ్గిలం. తూర్పు కనుమల్లో ఈ పక్క తప్ప దాదాపు ఇంకెక్కడా దొరకని మొక్కలివి. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు, సంతోషం. కానీ దాని గీత దాటాక ఉన్న చిన్న చిన్న గుట్టల సంగతేమిటి? మొక్కలకు మీ మ్యాపు తెలియదు కదా.

2012లో హైదరాబాద్‌లో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు ఘనంగా జరిపాం. మొక్కల వైవిధ్యానికి ముఖ్యమైన ప్రాంతాల్లో కనీసం 75 శాతాన్ని 2020 కల్లా కాపాడాలన్నది ఆ సదస్సుకు మూలమైన అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందం కింద దేశాలు పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. ఆ ప్రాంతాలు ఎక్కడున్నాయో గుర్తించకుండా దేనిలో 75 శాతం లెక్కగట్టాలో నాకు అర్థం కాదు. కర్ణాటక 2007లోనే నల్లూరు చింతతోపును, ఉన్నది 54 ఎకరాలే అయినా, సెక్షన్ 37 కింద జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఒడిశా 2023లో గంధమార్దన్ కొండల్ని మందు మొక్కల కోసం ప్రకటించింది. తమిళనాడులో అరిట్టాపట్టికి 2022లో ఆ హోదా వచ్చింది. తర్వాత అక్కడే టంగ్‌స్టన్ గని అన్నారు, ఊళ్లన్నీ కదిలితే 2025 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. హోదా ఉన్న చోటికే అంత పోరాటం కావాల్సి వస్తే, ఏ పేరూ లేని కొండ తరఫున ఎవరు మాట్లాడతారు?

ఊళ్లో ఇంకో భయం ఉంది. 'వారసత్వ స్థలం అంటే మేకల్ని రానివ్వరట' అని. ఈ హోదా వల్ల జనం అలవాటుగా చేసుకుంటున్న పనులకు అడ్డు ఉండదని, కట్టుబాట్లు వాళ్లు ఒప్పుకుంటేనేనని, ఎవరికైనా జీవనం దెబ్బతింటే పరిహార పథకం పెట్టాలని చట్టంలో, మార్గదర్శకాల్లో ఉంది. ఆ మాట ఊళ్లోకి వచ్చి చెప్పినవాళ్లు లేరు. క్వారీ వాళ్లు మాత్రం ఇంటింటికీ తిరిగి ఉద్యోగాలిస్తామని చెప్పి వెళ్లారు.

కాబట్టి దయచేసి మళ్లీ సర్వే చేయించండి. తొలకరికి ఒకసారి, ఈశాన్య వానలకు ఒకసారి. యూనివర్సిటీ వృక్షశాస్త్రం వాళ్లను, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే కేంద్రం వాళ్లను పిలిపించండి. దొరికిన మొక్కల పేర్లు రాయండి కానీ, అవి ఉన్న కచ్చితమైన చోటు అందరికీ కనిపించేలా పెట్టకండి. పేరిత విషయంలో ఏం జరుగుతోందో పైన చెప్పాను. రెవెన్యూ కొండల బాధ్యత ఏ శాఖదో తేల్చండి. మళ్లీ సర్వే చేయించండి అని ఇంకోసారి అడుగుతున్నాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

వచ్చే అధికారులకు కొండ దారి చూపించడానికి మేకల కాపరులు సిద్ధంగా ఉన్నారు. ఏ బండ కింద ఏ నెలలో ఏం పూస్తుందో మా కమిటీ కన్నా వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు ఆ రోజు కూలి ఇప్పించండి, రిజిస్టర్‌లో వాళ్ల పేర్లూ రాయించండి. ఆ సర్వే రిపోర్టు మీ బల్ల మీదికి వచ్చేదాకా లీజు ఫైలు మీద ఎవరూ సంతకం పెట్టకుండా చూడండి.

భవదీయుడు,
గ్రామ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యుడు