రెడీ క్యాష్ అన్నావు కదా, విను

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను కానీ, రెండు ముక్కల్లో తేలేది కాదని సాయంత్రం దాకా ఆగాను. చీటీ ఎత్తావు, చేతిలో నాలుగున్నర లక్షలున్నాయి, వచ్చే నెల చెన్నై వదిలి బెంగళూరు వచ్చేస్తున్నావు, సెకండ్ హ్యాండ్ కారు కొనాలి, "మొత్తం క్యాష్ ఒకేసారి ముందు పడేస్తే ఎంత తగ్గిస్తారు రా" అని అడిగావు. మొన్న దీపావళి ముందు వరకూ నేనూ ఇదే అనుకునేవాణ్ణి. ఇప్పుడైతే ఒకటి చెప్తా: నోట్లు చూసి ఎవడూ పైసా తగ్గించడు. డబ్బు రెడీగా ఉన్నవాడికి తగ్గిస్తారు, అదీ అందరూ కాదు. రెండూ ఒకటే అనుకుని నేనూ మా నాన్నా ఒక ఆదివారం, ఒక రెండో శనివారం పోగొట్టుకున్నాం.

మా నాన్న సంగతి నీకు తెలుసు కదా. కారు కొంటున్నానని ఫోన్లో నోరు జారానో లేదో, చెనిక్కాయలమ్మిన డబ్బూ ఇంట్లో దాచిందీ కలిపి 3 లక్షలు, అన్నీ 500 నోట్లే, ఆరు కట్టలు, గుడ్డ సంచీలో వేసి, పైన అమ్మ చేసిన బెల్లం చెక్కలు పరిచి అనంతపురం బస్సెక్కేశాడు. హెబ్బాళ దగ్గర దిగినప్పుడు చూశాను, సంచీ భుజానికి లేదు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. ట్రాన్స్‌ఫర్ చేసి ఉండొచ్చు కదా అంటే, "సంతలో ఎద్దును బేరం చేసేటప్పుడు ఫోన్ చూపిస్తావా? నోట్లు కంటికి కనబడితేనే మనిషి మెత్తబడతాడు" అన్నాడు. చిన్నప్పుడు ఆయన వెంట సంతకు వెళ్ళినవాణ్ణే నేను. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని బేరమాడటం, తెగ్గానే నడుముకున్న మూట విప్పడం, అవతలివాడి కళ్ళు ఆ మూట మీదే ఉండటం, అన్నీ చూశాను. అందుకే ఎదురు చెప్పలేదు.

ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక డీలర్ దగ్గరికి పోయాం. 2018 స్విఫ్ట్, పెట్రోల్, చెప్పిన ధర 4.85 లక్షలు. నేను కాస్త కాలు మీద కాలేసుకుని, "లోన్ గీన్ ఏమీ లేదు, ఫుల్ క్యాష్, ఎంతకిస్తారు?" అన్నా. వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నా రా. వాడి మొహంలో కొంచెం నిరాశ కనబడింది, నిజంగా! "క్యాష్ అయితే 4.80 సార్. లోన్ తీసుకుంటే 4.68 చేస్తా" అన్నాడు. నాన్న తనకే సరిగా వినబడలేదేమో అనుకున్నాడు, మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట.

తర్వాత మా ఆఫీసులో ఇలాంటి లోన్ల గురించి బాగా తెలిసినవాణ్ణి అడిగితే గుట్టు విప్పాడు. నువ్వు లోన్ తీసుకుంటే ఆ ఫైనాన్స్ వాళ్ళు డీలర్‌కు కమీషన్ ఇస్తారు. దానికి తోడు ఇన్సూరెన్స్ అంటగడతారు, అందులో కొంత. నువ్వు సంచీతో పోతే ఆ రెండూ పోయినట్టే వాడికి. నీ క్యాష్ వాడికి లాభం కాదు, నష్టం. కొత్త కార్ల షోరూముల్లో కూడా ఇదే నడుస్తుంది, కాకపోతే అక్కడ కోటు వేసుకుని చెప్తారు.

సరే, 12 వేలు తగ్గుతున్నాయి కదా, లోనే తీసుకుందామా అని నాకూ ఒక పూట బుద్ధి పుట్టింది. "వడ్డీ 7 శాతమే సార్, బ్యాంకు కన్నా తక్కువ" అన్నాడు వాడు. ఇక్కడ జాగ్రత్త మామా. అది ఫ్లాట్ వడ్డీ. 3 లక్షలు మూడేళ్ళకు అంటే ఏడాదికి 21 వేలు, మూడేళ్ళకు 63 వేలు, నెలకు 10,083 కట్టాలి. నువ్వు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటావు, వడ్డీ మాత్రం చివరి నెల వరకూ మొత్తం 3 లక్షల మీద లెక్క. మామూలు బ్యాంకు లెక్కలోకి మార్చి చూస్తే అది దాదాపు 13 శాతం. 12 వేలు తగ్గించి 63 వేలు గుంజడం! లోన్ తీసుకుని రెండో నెలలోనే కట్టేస్తా అంటావేమో, ముందే తీర్చేస్తే ఎంత వసూలు చేస్తారో అగ్రిమెంట్‌లో చదివి అప్పుడు అను. నేను చదివాను, నోరు మూసుకున్నాను.

ఆ కారు ఎలాగూ కొనలేదు లే. మారతహళ్ళి నుంచి ఒక మెకానిక్‌ను వెయ్యి రూపాయలిచ్చి వెంట తీసుకుపోయాను, నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా తెలివైనది అదే. ఆయన బానెట్ జోలికి పోకముందే వెనక సీటు బెల్ట్ పట్టుకుని చివరికంటా లాగాడు, ఇంకా లాగాడు, ఎవరూ ఎప్పుడూ లాగనంత. చివరి జానెడు ముక్క మీద అడ్డంగా ఒక గీత, కాఫీ మరకలా, దాని కిందంతా బిరుసుగా ఉంది. వేలితో గీకితే సన్నటి మట్టి రాలింది. "నీళ్ళలో నిలబడ్డ బండి" అన్నాడంతే. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు కార్లు పడవల్లా తేలాయి గుర్తుందా? అవన్నీ తుక్కుకు పోయాయనుకోకు. సీట్లు ఉతికి, సెంటు కొట్టి, అమ్మకానికి పెట్టినవీ ఉంటాయి. ఆ బెల్ట్ చివర మాత్రం ఎవడూ ఉతకడు. నువ్వు కూడా లాగి చూడు, చెన్నైలో అయితే ఇంకా గట్టిగా లాగు.

ఇక అసలు కొన్న కారు. వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్, మన తెలుగువాళ్ళే, విజయవాడ వైపు. గురువారం ఫ్లయిట్, మొత్తం సామానంతా అమ్మేసి విదేశం పోతున్నారు. 2018 మోడలే, కేఏ 53 నంబరు, చెప్పింది 4.70. వాళ్ళకు అప్పటికే ఒకడు 4.60కి ఒప్పుకున్నాడు, కానీ వాడికి లోన్ రావాలి, బ్యాంకువాడు వచ్చి కారు చూసి విలువ కట్టాలి, పది రోజులు. వాళ్ళ దగ్గర పది రోజులు లేవు. ఇదీ మామా నీ క్యాష్ పనిచేసే చోటు, ఇంకెక్కడా కాదు. "డబ్బు రెడీగా ఉంది, కాగితాలు సరిగ్గా ఉంటే ఇప్పుడే" అన్నాను. గంటసేపు నలిగాక ఆ ఇంటాయన 4.35కి దిగాడు. కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది కదా, దాంతో పాతవాటి ధర కూడా కిందికి లాగబడిందని నేనూ కాస్త నూరాను, ఆయనకూ ఆ సంగతి తెలుసు. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు ఆగస్టులో సగం రాయితీ ఇచ్చినప్పుడు కట్టుకోని చలాన్లు కూడా కొన్ని ఉన్నాయి ఆ బండి మీద, అవి ఆయన చేతే కట్టించాను.

బేరం తెగింది. నాన్న ఇక తన వంతు వచ్చిందని బెల్లం చెక్కలు పక్కన పెట్టి ఆరు కట్టలూ టీపాయ్ మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. గది నిశ్శబ్దం. కారు అమ్మే ఆయన ఆ కట్టల్ని చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు రా, పామును చూసినట్టు! "అంకుల్, ఇవి నేను తీసుకోలేను. 2 లక్షలు, ఆపైన క్యాష్‌గా తీసుకుంటే ఎంత తీసుకున్నానో అంతా నాకు జరిమానా వేస్తారు" అన్నాడు. నిజమే, 2017 ఏప్రిల్ 1 నుంచి ఉంది ఆ రూలు. ఒకే అమ్మకానికి ముక్కలు చేసి ఇవాళ లక్షన్నర, రేపు లక్షన్నర అని ఇచ్చినా కుదరదు. జరిమానా పడేది తీసుకున్నవాడికి, ఇచ్చినవాడికి కాదు. మరి వాడెందుకు ఒప్పుకుంటాడు? నాన్న మాత్రం "స్థలాలు కొనేటప్పుడు సగం క్యాషే కదా అడుగుతారు" అని గొణిగాడు. అదే తేడా. స్థలం అమ్మితే లాభం మీద పన్ను, కాబట్టి దాచుకోవాలని చూస్తారు. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే మామూలు మనిషికి లాభం పన్నూ లేదు, జీఎస్టీ లేదు. దాచడానికి ఏమీ లేనివాడికి నీ నోట్లు ఉత్త బరువు. జీఎస్టీ కట్టాల్సింది డీలరు, తన లాభం మీద 18 శాతం, అందుకే ఎవడైనా డీలరు చెవిలో "బిల్లు లేకుండా అయితే" అన్నాడనుకో, మిగిలేది వాడికి. రేపు గేర్‌బాక్స్ ఊడితే చూపించడానికి నీ చేతిలో కాగితం ముక్క ఉండదు.

అసలు తమాషా ఇంకా అవలేదు. ఆ రోజు రెండో శనివారం. బ్యాంకులు మూత. నా అకౌంట్‌లో 2 లక్షలే ఉన్నాయి, మిగతా సొమ్ము టీపాయ్ మీద. డిపాజిట్ మెషీన్ దగ్గరికి పరుగెత్తితే ఒక కట్ట కూడా పూర్తిగా మింగకముందే రోజు లిమిట్ అంది. పోనీ ఉన్నదైనా పంపిద్దామంటే, కొత్తగా చేర్చిన అకౌంట్ కాబట్టి మొదటి 24 గంటలు ఇంతకు మించి పంపలేరని మా బ్యాంకు యాప్ అడ్డం పడుకుంది. పెద్ద మొత్తాలు అకౌంట్ నుంచి అకౌంట్‌కు పంపే ఆర్టీజీఎస్ ఇప్పుడు రోజంతా, ఆదివారం కూడా నడుస్తుందని గొప్పగా చెప్పిన నోరు నాది! చేతిలో 5 లక్షలుండి 4.35 ఇవ్వలేని పరిస్థితి. చివరికి యూపీఐలో 25 వేలు టోకెన్ ఇచ్చి, సోమవారం పొద్దున దాకా గడువు అడిగాను. పది రోజులతో పోలిస్తే సోమవారం ఎంత, ఒప్పుకున్నాడు పాపం. సోమవారం పాన్ కార్డు పట్టుకుని కౌంటర్‌లో నాన్న నోట్లు వేసి, 3,95,000 ఆర్టీజీఎస్ చేశాను, అరగంటలో పడ్డాయి.

లెక్కలో 15 వేలు తగ్గాయి కదా, అవి కావాలనే ఆపాను. ఆయన లోన్ ఎప్పుడో తీర్చేశాడు కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి అది తీయించాలి, ఫారం 29, 30 నా పేరుకు మార్చడానికి. ఆన్‌లైన్‌లో పెడుతుంటే ఓటీపీ ఆయన ఫోన్‌కు కూడా పోతోంది, ఆయనేమో గురువారం దేశం దాటేస్తాడు, ఆ సిమ్ ఉంటుందో లేదో. బుధవారం రాత్రి వాళ్ళ ఖాళీ హాల్లో సూట్‌కేసుల మీద కూర్చుని ఇద్దరం ఓటీపీలు చదువుకున్నాం. దరఖాస్తు ఎక్కాక 15 వేలూ పంపేశాను. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి, నేను పదమూడో రోజు మేలుకున్నాను. ఆయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మనకు రాదు, ఆ తేడా మనమే కట్టుకోవాలి, అది ముందే ధరలో లెక్కేసుకో. డెలివరీ కాగితం మీద తారీఖుతో పాటు టైం కూడా రాయించు. నేను సాయంత్రం 6.40 అని రాయించాను.

ఒక్కటి మాత్రం తొందరగా తేల్చుకో. చెన్నైలో చవగ్గా వస్తోందని అక్కడే కొనేసి తేవద్దు. తమిళనాడు నంబరుతో ఇక్కడ 12 నెలలు దాటితే మళ్ళీ ఇక్కడ రిజిస్టర్ చేయించాలి, కర్ణాటక లైఫ్ టాక్స్ సంగతి తెలుసు కదా, వాతే. అక్కడ కట్టింది వెనక్కి తెచ్చుకోవడం ఇంకో ప్రహసనం. ఇక్కడికి వచ్చాకే చూద్దాం, నేనూ వస్తా, ఆ మెకానిక్ నంబరు ఉంది. చీటీ డబ్బు ముందే అకౌంట్‌లో వేసి ఉంచు, ఆర్సీ చూసి నచ్చిన రోజే అమ్మేవాడి అకౌంట్ చేర్చు, మర్నాడు పంపు. రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రం పెట్టుకోకు రా బాబూ.

నాన్న ఆ సంచీ ఇక్కడే వదిలేసి పోయాడు. ఇప్పుడు కారు డిక్కీలో ఉంది, కూరగాయలకు వాడుతున్నాం. మొన్న ఫోన్ చేసి, "వాడు నోట్లు చూసే మెత్తబడ్డాడు, ఒప్పుకోడు గానీ" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

నీ పాత రూమ్మేట్