ప్రయోగశాల వివరాలు లేకుండా బీఎస్సీ ఎంచుకోవడం ఎలా?

సంపాదకులకు నమస్కారం.

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే మా ఇంటికి పిల్లలు, తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్ గురించి అందరూ అడిగేది ఒకటే: "సార్, దోస్త్‌లో బీఎస్సీకి మొదటి ఆప్షన్ ఏ కాలేజీ పెట్టమంటారు?" ఈసారి వచ్చిన ఒక తండ్రి నోటు పుస్తకంలో పన్నెండు కాలేజీల పేర్లు రాసుకొచ్చారు. ఒక్కో పేరు పక్కన ఇంటి నుంచి దూరం, బస్సు సౌకర్యం, హాస్టల్ ఫీజు ఉన్నాయి. ప్రయోగశాల గురించి ఒక్క ముక్క లేదు. అది ఆయన తప్పు కాదు. ఎక్కడ వెతికితే దొరుకుతుంది ఆ సమాచారం?

కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ ఇచ్చే గ్రేడు చూసుకోవచ్చు కదా అంటారు. ఆ గ్రేడు కళాశాల మొత్తానిది. జంతుశాస్త్రానికి రెగ్యులర్ అధ్యాపకులు ఎందరున్నారో అది చెప్పదు. మా బంధువుల అమ్మాయి ఒక ప్రైవేటు కళాశాలలో మైక్రోబయాలజీ చదివింది. మూడేళ్లలో పరికరాలను ఆవిరితో సూక్ష్మజీవరహితం చేసే ఆటోక్లేవ్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ప్రాక్టికల్ రికార్డు మాత్రం సీనియర్లది చూసి నింపించారు. పట్టా చేతికొచ్చాక ఔషధ పరిశ్రమలో ఇంటర్వ్యూకు వెళ్తే మొదటి ప్రశ్నకే నోరు పెగల్లేదని చెప్పి ఏడ్చింది.

జీవశాస్త్రం చేత్తో చేసి నేర్వవలసిన చదువు. ఉల్లిపాయను నీళ్ల గ్లాసు మూతి మీద కూర్చోబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వాటి కొసలు కోసి, ఎసిటోకార్మైన్ అనే ఎర్ర రంగులో వెచ్చచేసి, కవర్‌స్లిప్ కింద బొటనవేలితో నెమ్మదిగా అదిమితే మైక్రోస్కోపులో ఎర్రటి పోగుల్లా క్రోమోజోములు కనిపిస్తాయి. మొదటి స్లైడు ఎవరికీ కుదరదు. గట్టిగా నొక్కితే కణాలు చితికిపోతాయి, నొక్కకపోతే ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. అయిదో స్లైడుకో ఆరో స్లైడుకో క్రోమోజోములు రెండు వైపులకు విడిపోయే దశ కనిపించి "సార్, అనాఫేజ్!" అని కేకేసిన పిల్లలను నా సర్వీసులో ఎందరినో చూశాను. దీనికి కావలసినది ఒక ఉల్లిపాయ, కాస్త రంగు, పనిచేసే మైక్రోస్కోపు, పక్కన నిలబడి ఓపికగా చూపించే అధ్యాపకుడు.

మరో బాధ. 2015 నుంచి తిరుపతిలో ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) ఉంది. బైపీసీ వారూ దాని ప్రవేశ పరీక్ష రాయవచ్చు. 60 ప్రశ్నల్లో 15 గణితానివి కావడంతో చాలామంది ముందే వెనకడుగు వేస్తున్నారు, మిగతా 45 తాము చదివిన సబ్జెక్టులవే అయినా. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. నీట్ ఫలితాలు చూసుకుని మేలుకునేసరికి ఈ రెండింటి దరఖాస్తుల గడువూ ముగిసిపోతోంది. జూనియర్ కళాశాలల్లో ఈ సంగతి డిసెంబరులోనే చెప్పాలి.

ఉన్నత విద్యామండలికి నా విన్నపం: దోస్త్‌లో ప్రతి సైన్సు కళాశాల పేరు పక్కన విభాగాలవారీగా రెగ్యులర్ అధ్యాపకుల సంఖ్య, పనిచేసే మైక్రోస్కోపుల సంఖ్య, గత ఏడాది నిజంగా జరిగిన ప్రాక్టికల్ తరగతుల లెక్క పెట్టించండి. ఆప్షన్లు ఇచ్చే ముందు ఒక రోజు ప్రయోగశాలలు తెరిచి తల్లిదండ్రులను లోపలికి రానివ్వండి. వచ్చే ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్ నాటికే ఇది జరగాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ