బ్లాగ్‌స్పాట్ తోక మార్చి చూడు యాదిగా

నల్లగొండ,
ఆదివారం పొద్దున

అరే యాదిగా,

జవాబు మస్తు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇంట్ల అందరం బాగున్నం. బత్తాయి ఈసారి మంచిగ కాసింది. అమ్మ నిన్ను అడిగినట్టు రాయమన్నది, రాసిన. మిగతా వార్తలన్నీ ఈ కవరు తెచ్చే శంకరన్న నోటితోనే విను. నాలుగో అరుగు వాళ్ల సంగతి గూడ ఆయననే అడుగు, కాయితం మీద పెట్టేది కాదది.

ఇగ అసలు ముచ్చట. "సొంతంగ రాసుకునేటోళ్ల బ్లాగులన్నీ సచ్చిపోయినయి, కూడలి దినాలు మళ్ల రావు, ఏ లింకు నొక్కినా ఏదో అడ్వర్టయిజుమెంటు పేజీ వస్తున్నది" అని రాసినవు గదా. కూడలి, జల్లెడ, హారం, మాలిక అన్నీ ఒక్కకాడ కొత్త టపాలు (బ్లాగుల పెట్టే ఒక్కో రాత) చూపిచ్చిన రోజులు నాకూ యాదికున్నయి. గని బ్లాగులు సచ్చిపోయినయి అన్నది మాత్రం ఒప్పుకోను. నీ లింకులను జర దగ్గరికి పెట్టుకోని చూడు. బ్లాగ్‌స్పాట్ అన్న మాట తర్వాత చుక్క పెట్టి ఏముంది? సగానికి సగం "ఇన్" అని ఉంటది. చిక్కంత అక్కడనే ఉన్నది!

2012ల గూగుల్ బ్లాగ్‌స్పాట్‌కు దేశానికో తోక, అంటే అడ్రసు చివరి మాట, పెట్టింది. బ్లాగు అసలు చిరునామా డాట్ కామే అయినా, మన దేశంల తెరిచినోళ్లను డాట్ ఇన్‌కు మళ్లించేది. మనోళ్లు పైన కనపడ్డ అడ్రసును కాపీ కొట్టి వ్యాఖ్యలల్ల, మెయిళ్లల్ల, తమ పక్కపట్టీలల్ల (బ్లాగు పక్కన నిలువుగ ఉండే పట్టీ) అతికించుకుంట పోయిండ్రు. ఎన్ని వేల కాడ ఆ డాట్ ఇన్ పడ్డదో. తర్వాత 2020ల ఆ డాట్ ఇన్ పేరు గూగుల్ చేజారి వేరేటోళ్ల చేతికి పోయింది. అందుకే నువ్వు నొక్కితే టపా రాదు, ఇంకేదో వస్తది. వచ్చినదాని మీద ఏదీ నొక్కకు, ఊకె మూసెయ్యి. రాసినోళ్ల రాతలు మాత్రం డాట్ కామ్‌ల ఎక్కడియి అక్కడనే ఉన్నయి.

చెయ్యాల్సింది ఇంతే. లింకు మీద వేలు అదిమి పట్టి కాపీ చెయ్యి, బ్రౌజర్ పైన గీతల అతికించు, "ఇన్" తీసి "కామ్" కొట్టు. దాని వెనకాల ఏడాది, నెల, టపా పేరు గీతలతోని ఉంటయి, వాటిని ముట్టకు. ఆఖర్ల ప్రశ్న గుర్తు, దాని వెంబడి "ఎం ఈక్వల్స్ ఒకటి" ఉంటే అది కొట్టెయ్యి. అది ఫోను కోసం చేసిన బక్క పేజీ, పాత టెంప్లేట్లల్ల అయితే పక్కపట్టీ అందుల కనపడదు. మనకు కావల్సింది ఆ పక్కపట్టీనే. ఫోన్లనే చూస్తే పేజీ అట్టడుగుకు పోయి "వెబ్ వెర్షన్ చూడండి" అన్నదాన్ని నొక్కు. (ఇంగ్లీషు అక్షరాలల్ల ఉండాల్సిన అడ్రసులన్నీ వేరే చీటీ మీద రాసి ఇందుల మడిచి పెట్టిన, పారేసుకోకు.)

తోక మార్చినా తెరుచుకోకపోతే ఏమి అక్షరాలు వచ్చినయో చదువు, ప్రతి దానికీ వేరే అర్థం ఉన్నది. "ఆహ్వానించిన పాఠకులకే" అని వస్తే రాసినాయన తలుపేసుకున్నడు, ఆయన ఇష్టం, ఇంక ఆ బ్లాగును ఎంటబడొద్దు. బ్లాగు తీసేసిండ్రు అని వస్తే నిజంగనే పోయింది. బ్లాగు మొదటి పేజీ తెరుచుకోని ఒక్క టపా మాత్రం రాకపోతే ఆ టపా తీసేసిండ్రు, లేదంటే నీ లింకు తెగింది. సొంత డొమైన్, అంటే సొంత పేరుతోని అడ్రసు, కొనుక్కోని డబ్బులు కట్టుడు మర్చినోళ్లయి ఇంకో బాధ. బ్లాగ్‌స్పాట్ అడ్రసు కొట్టినా ఆ పోయిన డొమైన్‌కే మళ్లిస్తది, రెండు దార్లూ మూసుకుంటయి.

పోయినవాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ ఉన్నది. అడ్రసు పెడితే క్యాలెండరు వస్తది, తేదీల మీద రంగు చుక్కలు. నీలం చుక్క అంటే పేజీ మంచిగ దొరికినట్టు. ఆకుపచ్చ అంటే ఇంకో అడ్రసుకు మళ్లింది. నారింజ అంటే ఆనాడే పేజీ లేదు, ఎరుపు అంటే ఆ బ్లాగు సర్వర్ల తప్పు వచ్చింది. నీలమే నొక్కు. బ్లాగు నడిచిన కాలంల నడిమి తేదీ తీసుకో. మరీ చివరి తేదీ తీసుకుంటే డొమైన్ కొనుక్కున్న కొత్త మనిషి పేజీ వస్తది. ఇంకో పని: ఇప్పుడు బతికున్న మంచి టపా ఏదన్నా కనపడితే అక్కడనే "సేవ్ పేజ్ నౌ" పెట్టెల దాని అడ్రసు వెయ్యి. రాసినోళ్లు పోయినంక వాళ్ల పిల్లలకు పాస్‌వర్డు తెల్వదు యాదిగా. అది తల్సుకుంటే నాకు గుండె బరువైతది. ఊర్ల జాతర ఎట్ల జరిగేది, ఏ చెరువు కింద ఏ పంట ఏసేటోళ్లు, ఇయ్యన్నీ పేపర్లల్ల రాయరు. పెన్షనొచ్చినంక కంప్యూటరు నేర్చుకోని, లేఖిని అనే తెలుగు టైపింగు పేజీల ఒక్కో అక్షరం కొట్టి పెట్టినోళ్లు రాసిండ్రు.

సరే, పక్కపట్టీ. బ్లాగర్‌ల (బ్లాగ్‌స్పాట్ బ్లాగులు రాసే గూగుల్ సాధనం) బ్లాగుల జాబితా అని ఒక పెట్టె పెట్టుకోవచ్చు. రాసినాయనకు నచ్చిన బ్లాగులు, ఒక్కోదాని కింద చివరి టపా పేరు, దాని కింద "3 వారాల క్రితం", "8 సంవత్సరాల క్రితం" అని సన్న అక్షరాలు. చానామంది దాన్ని కొత్తవి పైకొచ్చేటట్టు పెడుతరు. ఇప్పటికీ రాస్తున్నోళ్లు ఎవరో పై నాలుగు వరుసలల్లనే తెలిసిపోతది. ఏ సెర్చింజనూ ఈ పని నీకు చేసిపెట్టదు, ఎందుకంటే ఇది ఒక మనిషి కూసోని ఏరిన జాబితా. పాడిపంట రాసేటాయన పట్టీల పద్యాలు రాసేటామె ఉంటది, ఆమె పట్టీల రైలు ప్రయాణాల పిచ్చోడు ఉంటడు. వ్యాఖ్యలు గూడ విడువకు. ఓపికతోని నాలుగు వరుసల వ్యాఖ్య రాసినాయన పేరు నొక్కితే చానాసార్లు ఆయన బ్లాగుకే పోతవు.

కొత్త బ్లాగు దొరికితే చివరి టపా చదివి తీర్పు చెప్పకు. చివరి టపా ఎక్కువసార్లు పండుగ శుభాకాంక్షలే ఉంటది. పాత టపాల పెట్టెల ఏడాది పక్కన బ్రాకెట్లల్ల అంకె ఉంటది, అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న ఏడాదిని తెరువు. మనిషి మంచి ఊపు మీద రాసిన ఏడాది అది. రంగులు కండ్లకు గుచ్చుతున్నా, ముగ్గుల బొమ్మలు పైనుంచి రాలుతున్నా జర ఓర్చుకో. రాత బాగుంటదా లేదా అన్నది దాంతోని తెల్వదు.

వెతుకుడు గూడ చెప్త, నువ్వు వెతికే తీరు నాకు తెల్సు కాబట్టి. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల గర్భగుడి గోడ మీద పొద్దంత పడే నీడ గురించి వెతికితే వార్తలు, వీడియోలే ముందల నిలబడుతయి, అన్నిట్ల అవే మాటలు. అక్కడికి పోయి, నిలబడి చూసి రాసినోళ్లు కావాలంటే గుడి పేరు కొటేషన్ గుర్తుల నడుమ పెట్టు, దాని పక్కన "సైట్" అని ఇంగ్లీషుల కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ ఇయ్యకుండ బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ అను. కోలన్ తర్వాత ఖాళీ వస్తే పని చెయ్యదు. మళ్ల వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌తోని (బ్లాగులు పెట్టుకునే ఇంకో తావు) ఇంకోసారి. పాతయే కావాలంటే "బిఫోర్", కోలన్, 2014. తర్వాత స్పెల్లింగు మార్చు: ఛాయా, చాయా, పానగల్, పానగల్లు. కొటేషన్ గుర్తుల నడుమ పెట్టినప్పుడు ఒక్క ఒత్తు తేడా ఉన్నా ఆ టపా నీకు రాదు.

మహబూబ్‌నగర్ అయితే ఇంకా కష్టం. కొందరు నడిమిట్ల ఖాళీ ఇస్తరు, కొందరు బ కింద న ఒత్తు పడనిస్తరు, కొందరు కీబోర్డుల కనపడని విడదీసే అక్షరం ఒకటి కొడుతరు. చదివితే ఒక్క ఊరే అయినా కంప్యూటరుకు మూడూ వేరు వేరు. గూగుల్ కొంత సర్దుకుంటది గని బ్లాగుల సొంత వెతుకుడు పెట్టెలు చానాసార్లు సర్దుకోవు. అందుకే పాలమూరు అని గూడ కొట్టు, అందుల విరిగేది ఏమీ లేదు. వంటలు వెతికినా అంతే, సర్వపిండి అంటే ఒకరు దొరుకుతరు, తపాలచెక్క అంటే ఇంకొకరు.

దొరికినవాటిని బుక్‌మార్కుల పెట్టి మర్చిపోకు, ఫీడ్, అంటే బ్లాగు కొత్త టపాలను బయటికి పంపే దారి, పెట్టుకో. వీళ్లు ఆర్నెల్లకొక టపా రాస్తరు, రోజూ పోయి చూసుడు ఎవరితోని అయితది? ఫీడ్ రీడర్ అయితే రాసిన నాడు తనంతట తనే తెచ్చి ముందల పెడుతది. కంప్యూటర్ల థండర్‌బర్డ్, ఫోన్ల ఫీడర్, రెండూ ఉచితమే. మామూలుగ బ్లాగు అడ్రసు ఇస్తే అదే కనుక్కుంటది. కనుక్కోకపోతే బ్లాగ్‌స్పాట్‌కు చివర్ల ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అని గీతలు పెట్టి కలుపు, వర్డ్‌ప్రెస్‌కు ఉత్త ఫీడ్ అంటే చాలు. చీటీల ఉన్నయి. ఫీడ్‌ల పాతయన్నీ రావు, మామూలుగ బ్లాగర్ 25 టపాలు, వర్డ్‌ప్రెస్ 10 ఇస్తయి. ముందుటియి బ్లాగుకు పోయే చదువుకోవాలె. రెండు వరుసలు వచ్చి తెగిపోతే నీ రీడర్ ఖరాబు కాలే, రాసినాయన ఫీడ్‌ను కురచగ పెట్టుకున్నడు.

ఇంకోటి, జాబితా పెరిగినంక దాన్ని ఓపీఎంఎల్ ఫైలుగ (ఫీడ్ల అడ్రసులన్నీ ఉండే ఫైలు) దించి పెట్టుకో. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడ్డప్పుడు ఆ ఫైలు దించుకున్నోళ్లు ఆ పూటనే ఇంకో రీడర్లకు పోయిండ్రు, దించుకోనోళ్లు బ్లాగుల పేర్లు యాది చేసుకుంట కూసున్నరు. థండర్‌బర్డ్‌ల అయితే ఫీడ్ల ఖాతా మీద కుడి నొక్కు నొక్కి, సబ్‌స్క్రయిబ్ అన్నదాంట్లకు పోతే కింద ఎక్స్‌పోర్ట్ అని

శంకరన్న వచ్చిండు, బండి బంద్ చెయ్యకుండనే పిలుస్తున్నడు. ముందుగాల ఆ తోకలు మార్చి ఏమేమి తెరుచుకున్నయో రాయి.

నీ
లింగయ్య